తీయగా ఉన్న పండు, తీయగా పాడిన పిల్ల
(ఆంగ్ల క్రియల తరువాత విశేషణమా, క్రియావిశేషణమా?)

ఆంగ్ల విశేషణమునకు చివర 'లీ' చేర్చినచో అది క్రియావిశేషణ మగును. నామవాచకమును వర్ణించునది విశేషణము, క్రియను వర్ణించునది క్రియావిశేషణము. ఉన్నత పాఠశాల నాటినుండి మనమందరము కంఠస్థము చేసిన సూత్రమిది. సూత్రములో దోషము లేదు. కాని దీనిని శ్రద్ధగా నేర్చుకొనిన విద్యార్థియే "ది మ్యాంగో టేస్ట్స్ స్వీట్లీ" అని వ్రాయును. అంత శ్రద్ధ లేని విద్యార్థి 'లీ' సంగతి మరచిపోయి "ది మ్యాంగో టేస్ట్స్ స్వీట్" అని వ్రాసి పూర్తి మార్కు తెచ్చుకొనును. ఇది న్యాయముగా కనబడదు. 'టేస్ట్స్' అనునది క్రియయే గదా, దాని ప్రక్కనున్న మాట దానినే వర్ణింపవలెను గదా, అందుకే 'లీ' చేర్చితిని గదా అని ఆ మొదటి విద్యార్థి అడిగినచో, "ఆంగ్లేయులు అట్లే వాడుదురు" అని చెప్పి ఊరకుండుట సమాధానము కాదు. అతని ప్రశ్న సరియైనది. దానికి సమాధానము కూడ ఉన్నది. అది కొంత ఆంగ్లములోను, కొంత తెలుగులోను, కొంత ఉర్దూలోను దొరకును.

ఒక్క మార్కు పోవుటయే దీనిలోని నష్టమైనచో ఇంత దూరము వ్రాయనక్కరలేదు. అర్థమే మారిపోవుచున్నది. ఆసుపత్రిలో రాత్రి విధులలో ఉన్న నర్సు ఒకామె వైద్యునికి వ్రాయు చీటీని ఊహింపుడు. "ది పేషెంట్ లుక్డ్ కోల్డ్" అని వ్రాసినచో రోగి చలికి ముడుచుకొనిపోయినట్లు కనబడెనని అర్థము. ఎవరైనను వెంటనే దుప్పటి తెప్పింతురు. "ది పేషెంట్ లుక్డ్ కోల్డ్లీ ఎట్ మీ" అని వ్రాసినచో రోగి ఆమె వైపు స్నేహము లేని చూపు చూచెనని అర్థము. మొదటిది ఆరోగ్య సమాచారము, రెండవది ఫిర్యాదు. రెంటికిని నడుమ ఉన్నది 'లీ' అను ఒక్క అక్షరము మాత్రమే.

ఇక ఆ రోగియే బలహీనముగా కనబడుచున్నాడని చెప్పబోయి "లుక్స్ వీక్లీ" అన్నవారి సంగతి చూడుడు. బలహీనముగా అను అర్థము గల ఆ మాటయు, వారమునకొకసారి వెలువడు పత్రికను చెప్పు మాటయు చెవికి ఒక్కటియే. వినువారికి రోగి వారపత్రికవలె ఉన్నాడని తోచును. పాపము, చెప్పినవారు మాత్రము కంఠస్థము చేసిన సూత్రమును అణుమాత్రమైనను తప్పలేదు. ఉద్యోగమునకై వ్రాయు దరఖాస్తులో "ఐ ఫీల్ కాన్ఫిడెంట్లీ" అని వ్రాసిన పట్టభద్రుని స్థితియు ఇట్టిదే. తనకు ఆత్మవిశ్వాసము కలదని చెప్పవలసిన వాక్యమునందే చదువరికి అతనిపై విశ్వాసము సడలును.

ఈ తప్పు ఎక్కడినుండి వచ్చుచున్నది? ఆంగ్లము తెలియకపోవుటవలన అని తేలికగా చెప్పుదురు. నా అభిప్రాయమున ఇది తెలుగు బాగుగా తెలియుటవలన వచ్చిన తప్పు. "పండు తీయగా ఉంది" అందుము. "పిల్ల తీయగా పాడింది" అని కూడ అందుము. రెండు వాక్యములలోను 'తీయగా' అను మాట ఒక్కటే. కాని మొదటి వాక్యములో తీపి ఎవరిది? పండుది. రెండవ వాక్యములో తీపి పిల్లది కాదు, ఆమె పాడిన తీరుది. ఆ పిల్ల ఎంతటి గడుసుదైనను పాట తీయగా ఉండవచ్చును. తీపి కర్తకు చెందినదా, పనికి చెందినదా అను భేదమును తెలుగు మాట తన రూపములో చూపదు. నామమునకు ముందు నిలిచినప్పుడు మాత్రము "తీయని పండు", "అందమైన ఇల్లు" అని విశేషణ రూపము వేరుగా ఉండును. క్రియ ప్రక్కకు వచ్చుసరికి రెండు పనులకును 'గా' ఒక్కటే సరిపోవును.

ఇందులో వింత ఏమియు లేదు. ఈ 'గా' అనునది 'అగు' ధాతువునుండి పుట్టిన రూపము. "అందముగా ఉన్నది" అనుటలో "అందము అగునట్లు ఉన్నది" అను భావము ఇమిడి ఉన్నది. అందుచేత అది ఉండుటను చెప్పు వాక్యములోను, పని చేయుటను చెప్పు వాక్యములోను సమానముగా ఒదుగును. దీని ప్రయోగములను విపులముగా చూడగోరువారు భద్రిరాజు కృష్ణమూర్తిగారును జె.పి.ఎల్. గ్విన్‌గారును కలిసి 1985లో ఆంగ్లమున ప్రకటించిన ఆధునిక తెలుగు వ్యాకరణమును చూడవచ్చును. మన విద్యార్థి చేయు పొరపాటు ఏమనగా, 'స్లోలీ' అనగా 'నెమ్మదిగా', 'హ్యాపిలీ' అనగా 'సంతోషముగా' అని నేర్చుకొని, 'గా' ఉన్నచోటనెల్ల 'లీ' ఉండవలెనని నిశ్చయించుకొనుట. ఇది అజ్ఞానము కాదు. ఒక క్రమము తెలిసి దానిని హద్దు దాటించుట. 1967లో పిట్ కార్డర్ అను భాషాశాస్త్రవేత్త విద్యార్థుల తప్పులను గూర్చి ఒక ప్రసిద్ధ వ్యాసము ప్రకటించెను. తప్పులు కేవలము కొట్టివేయవలసినవి కావు, విద్యార్థి మనస్సులో ఏ సూత్రము పనిచేయుచున్నదో చూపు సాక్ష్యములని అతని వాదము. ఎఱ్ఱ సిరా పట్టిన మనబోటి ఉపాధ్యాయులు అప్పుడప్పుడు తలచుకొనదగిన మాట అది.

తెలుగువాడు ఆంగ్లపు మాటలను తన సంభాషణలో వాడుకొను తీరును ఒక్కసారి పరిశీలింపుడు. "హ్యాపీగా ఉన్నాను" అనును. "హ్యాపీగా తిరిగి వచ్చాను" అనును. "నీట్‌గా ఉంది", "నీట్‌గా రాశాడు" అనును. ఎన్నడైనను "హ్యాపిలీగా ఉన్నాను" అనెనా? అనడు. ఇక్కడనే మనకు పనికివచ్చు కిటుకు ఒకటి దొరకును. ఆ వాక్యమును ఆంగ్లములోనికి తీసుకొనిపోవునప్పుడు, 'గా' తరువాత నున్న క్రియ 'ఉండు', 'కనబడు', 'అనిపించు', 'అగు' వంటిదైనచో 'గా' రాలిపోవును, ఏమియు మిగలదు: "ఐ యామ్ హ్యాపీ", "ఇట్ లుక్స్ నీట్". ఆ క్రియ వ్రాయుట, పాడుట, వచ్చుట వంటి పనియైనచో 'గా' పోయి దాని స్థానమున 'లీ' నిలుచును: "హి రోట్ నీట్లీ". తెలుగు విద్యార్థికి ఈ ఒక్క కిటుకు పది వాక్యములలో ఎనిమిదింటిని సరిదిద్దును. మిగిలిన రెండింటి సంగతి ముందు చూతము.

ఇక ఉర్దూ విద్యార్థి వంతు. మన కళాశాలలో ఒకే బల్లమీద తెలుగు విద్యార్థియు ఉర్దూ విద్యార్థియు ప్రక్కప్రక్కన కూర్చుందురు గాని, ఆంగ్ల వ్యాకరణము విషయములో ఒకరికి ఒకరు ఎంత సాయపడగలరో ఇరువురికిని తెలియదు. మచ్చ బొల్లారం చుట్టుప్రక్కల ఈ మూడు భాషల కలయిక క్రొత్తది కాదు. బొల్లారము దండు ప్రదేశము. 1860లో కట్టిన ఇక్కడి రెసిడెన్సీ భవనమే నేటి రాష్ట్రపతి నిలయము. ఇంగ్లీషు దొరల కాలమునుండి అల్వాల్, బొల్లారము బజారులలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు ఒకదాని భుజముపై ఒకటి చేయి వేసికొని నడచుచునే ఉన్నవి. ఆ స్నేహమును వ్యాకరణములోనికి కూడ తెచ్చుకొనుటకు అభ్యంతర మేమున్నది?

ఉర్దూలో "ఆమ్ మీఠా లగ్తా హై" అందురు. జిలేబి యైనచో "జలేబీ మీఠీ లగ్తీ హై". ద్రాక్షలైనచో "అంగూర్ ఖట్టే లగ్తే హైఁ". ఆమ్ పుంలింగము గనుక మీఠా, జలేబీ స్త్రీలింగము గనుక మీఠీ, ద్రాక్షలు బహువచనము గనుక ఖట్టే. అనగా క్రియకు ముందు నిలిచిన ఆ మాట కర్త చేయి పట్టుకొని, కర్త ఎట్లు మారిన అట్లు మారుచున్నది. అది కర్తకు చెందిన విశేషణమని ఉర్దూ భాష తన నోటితోనే చెప్పుచున్నది. ఇప్పుడు పాడుటను గూర్చి చెప్పుడు: "లడ్కా అచ్ఛా గాతా హై", "లడ్కీ అచ్ఛా గాతీ హై", "లడ్కే అచ్ఛా గాతే హైఁ". క్రియ మారినది గాని 'అచ్ఛా' మారలేదు. అది పాడువానిని గాని పాడుదానిని గాని పట్టించుకొనదు, పాడుటనే చూచును. అదే "లడ్కీ అచ్ఛీ లగ్తీ హై" అన్నచో తక్షణమే 'అచ్ఛీ' అయినది. ఇంతకంటె స్పష్టమైన పరీక్ష ఏ వ్యాకరణ గ్రంథములో దొరకును? ఉర్దూలో కర్తతోపాటు మారు మాటకు ఆంగ్లములో 'లీ' అక్కరలేదు. మారని మాటకు 'లీ' గాని, 'వెల్' వంటి వేరు రూపము గాని కావలెను.

సంస్కృతము చదివినవారికి ఇది పరిచితమే. క్రియావిశేషణము నపుంసకలింగ ద్వితీయైకవచనమున నిశ్చలముగా నుండునని పండితులు చెప్పుదురు. కర్తకు చెందిన విశేషణము మాత్రము లింగ వచనములలో కర్తను అనుసరించును. ఉర్దూ 'అచ్ఛా' చేయుచున్న పనియు అదే. అయితే ఈ పరీక్ష గ్రాంథికమైన ఉర్దూలో చక్కగా సాగును గాని, 'ఖుష్', 'ఉదాస్', 'సాఫ్' వంటి మాటలు ఎవరి కొరకును మారవు. అట్టిచోట "ఖుషీ సే" అని మార్చి చూడవలెను. "వహ్ ఖుషీ సే గాతీ హై" కుదురును, అనగా 'హ్యాపిలీ'. "వహ్ ఖుషీ సే లగ్తీ హై" కుదరదు, అనగా 'హ్యాపీ'.

ఉర్దూ వ్యాకరణవేత్తలు ఈ జాతి క్రియలకు పెట్టిన పేరును ఇక్కడ చెప్పకుండ ఉండలేను. 'ఫేల్-ఎ-నాఖిస్' అందురు, అసంపూర్ణ క్రియ అని అర్థము. మౌల్వీ అబ్దుల్ హఖ్‌గారి 'ఖవాయిద్-ఎ-ఉర్దూ' 1914లో వెలువడిన నాటినుండి ఉర్దూ వ్యాకరణము చదివినవారికి ఈ పరిభాష క్రొత్త కాదు. దీని మూలము అరబీలో కలదు. మదరసాలో అరబీ చదివినవారు 'కాన'యు దాని అప్పచెల్లెండ్రును అను పాఠము మరచియుండరు. "కాన జైదున్ మరీజన్" (జైదు రోగియై ఉండెను) అన్నప్పుడు 'కాన' ఒంటరిగా అర్థము నీయలేదు. ఎట్లుండెనో చెప్పు 'ఖబర్' వచ్చి దానిని పూరింపవలెను. 'సార' (ఐపోయెను), 'అస్బహ' వంటివి దాని సోదరీమణులు. ఇప్పుడు మన దేశములో తరతరములుగా ఇంటింట నున్న రెన్, మార్టిన్‌ల ఆంగ్ల వ్యాకరణమును తెరవుడు. అందు 'సీమ్', 'బికమ్' వంటి క్రియలను 'వెర్బ్స్ ఆఫ్ ఇన్‌కంప్లీట్ ప్రెడికేషన్' అనిరి. ఇన్‌కంప్లీట్ అన్నను, నాఖిస్ అన్నను ఒక్కటే మాట. వాటిని పూరించు మాటను ఆంగ్లములో 'కాంప్లిమెంట్' అనియు, తెలుగులో పూరకమనియు అందురు. అరబీ పాఠము నేర్చిన విద్యార్థి ఈ ఆంగ్ల పాఠమును సగము నేర్చినట్లే. ఆ సంగతి అతనికి ఎవరును చెప్పలేదు, అంతే.

ఇక ఆంగ్ల క్రియల లోనికే వెళ్లుదము. పంచేంద్రియములకు చెందిన అయిదు క్రియలు, లుక్, సౌండ్, స్మెల్, టేస్ట్, ఫీల్ అనునవి, ఈ చిక్కునకు మూలస్థానములు. 'సీమ్', 'బికమ్' ఎప్పుడును అసంపూర్ణములే గనుక బాధ లేదు. ఈ అయిదింటికి మాత్రము రెండేసి ముఖము లున్నవి. "ది టీచర్ లుక్డ్ యాంగ్రీ" అన్నచో ఉపాధ్యాయుడు కోపముగా కనబడెను. "ది టీచర్ లుక్డ్ యాంగ్రిలీ ఎట్ ది లాస్ట్ బెంచ్" అన్నచో చివరి బల్లవైపు కోపముగా చూచెను. "ది బిర్యానీ స్మెల్స్ డిలీషస్" అన్నచో బిర్యానీనుండి కమ్మని వాసన వచ్చుచున్నది. "ది కుక్ స్మెల్ట్ ది మసాలా కేర్‌ఫుల్లీ" అన్నచో వంటవాడు మసాలాను జాగ్రత్తగా వాసన చూచెను. "ది క్లాత్ ఫీల్స్ సాఫ్ట్" గుడ్డ సంగతి. "ది టైలర్ ఫెల్ట్ ది క్లాత్ జెంట్లీ" దర్జీ చేతి సంగతి. "ది సూప్ టేస్ట్స్ సాల్టీ" అనునది ఒకటి, దానిని వండినవారు "టేస్టెడ్ ది సూప్ నర్వస్లీ" అనునది మరియొకటి. "హిస్ స్టోరీ సౌండ్స్ స్ట్రేంజ్" అన్నచో వాని కథ వింతగా తోచుచున్నది. "ది డ్రైవర్ సౌండెడ్ ది హార్న్ లౌడ్లీ" అన్నచో చెవులు మూసికొనవలసినదే.

ఈ ఉదాహరణములను తెలుగులో మరల చదువుడు. కనబడుట వేరు, చూచుట వేరు. వాసన వచ్చుట వేరు, వాసన చూచుట వేరు. రుచిగా ఉండుట వేరు, రుచి చూచుట వేరు. మెత్తగా తగులుట వేరు, తడిమి చూచుట వేరు. ఆంగ్లము ఒకే క్రియతో సరిపెట్టుకొనిన చోట తెలుగు రెండు క్రియలను వాడుచున్నది. ఉర్దూలోను 'దిఖ్నా' వేరు, 'దేఖ్నా' వేరు. ఇంతవరకు 'గా' చేత మనలను చిక్కులో పెట్టిన తెలుగే, క్రియ దగ్గర ఆ చిక్కును విప్పుచున్నది. కాబట్టి విద్యార్థి 'గా'ను చూడక ముందు క్రియను చూడవలెను. తెలుగులో 'చూచు' అను మాట పడినచో 'లీ' పెట్టవచ్చును. 'కనబడు', 'వచ్చు', 'ఉండు' పడినచో 'లీ' అక్కరలేదు. ఆంగ్లములోనే పరీక్షింపదలచినవారు ఆ క్రియను తీసివేసి 'ఈజ్' పెట్టి చూడవలెను. "ది బిర్యానీ ఈజ్ డిలీషస్" నిలుచును. "ది కుక్ ఈజ్ ది మసాలా" నిలువదు; నిలిచినచో ఎవరును భోజనమునకు రారు.

ఆంగ్లేయుల హాస్యము కూడ ఈ రెండు ముఖములపై బ్రతికినది. మా కుక్కకు ముక్కు లేదని ఒకడు చెప్పగా, అయితే అది ఎట్లు 'స్మెల్' చేయునని రెండవవాడు అడుగును. ఘోరముగా అని మొదటివాడు బదులు చెప్పును. అడిగినది వాసన చూచుటను గూర్చి. చెప్పినది కంపును గూర్చి. ఈ పాత పరిహాసము తెలుగులోనికి రాదు. వాసన చూచుటకును వాసన వచ్చుటకును వేరువేరు క్రియ లున్న భాషలో ఆ మెలిక పడదు గదా.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరము. "ది రూమ్ స్మెల్ట్ స్ట్రాంగ్లీ ఆఫ్ కిరోసిన్" అను వాక్యములో 'స్ట్రాంగ్లీ' సరియైనదే. గదికి బలము లేదు. కిరోసిన్ వాసన ఎంత గాఢముగా ఉన్నదో ఆ మాట చెప్పుచున్నది. దేని వాసనయో చెప్పు 'ఆఫ్' వచ్చినచోట ఇట్టి 'లీ' తరచుగా కనబడును. రెండవది, "షి లుక్స్ టెర్రిబ్లీ టైర్డ్" వంటి వాక్యము. 'లుక్స్' ప్రక్కన 'లీ' కనబడినదని కొట్టివేయరాదు. 'టెర్రిబ్లీ' అనునది 'టైర్డ్' అను విశేషణమునకు తోడు వచ్చినది, క్రియకు కాదు. పూరకము ఇప్పటికిని 'టైర్డ్' అను విశేషణమే.

మార్పును చెప్పు క్రియలు మరియొక కుటుంబము. పాలు పులిసినచో "ది మిల్క్ టర్న్డ్ సోర్". చెరువు ఎండినచో "ది ట్యాంక్ రాన్ డ్రై". శామీర్‌పేట చెరువువంటి జలాశయమును మన ప్రాంతపు ఇంగ్లీషులో ట్యాంకు అనుటయే అలవాటు. కల నిజమైనచో "కేమ్ ట్రూ". జబ్బు పడినచో "ఫెల్ ఇల్". పండు కుళ్లినచో "వెంట్ బ్యాడ్". ఇవి తిరుగుట, పరుగెత్తుట, వచ్చుట, పడుట, పోవుట అను తమ సహజార్థములను వదలుకొని, 'అగు' అను అర్థమును తెచ్చుకొనినవి. సహజార్థములో ఉన్నచో 'లీ' మరల వచ్చును: "హి టర్న్డ్ స్లోలీ" అనగా మెల్లగా వెనుదిరిగెను. తమాషా ఏమనగా, ఈ జాతి వాక్యములలో 'గో' సాధారణముగా చెడుగులకే పోవును: గో బ్యాడ్, గో మ్యాడ్, గో రాంగ్, గో బ్లైండ్. 'కమ్' మంచివాటికి వచ్చును: కమ్ ట్రూ, కమ్ అలైవ్. మనమును మతి పోయినది అందుము గాని వచ్చినదనము గదా. ఏ క్రియ ఏ విశేషణముతో జత కట్టునో సూత్రముతో తేలదు, నిఘంటువు చూడవలసినదే. జపానులో ఆంగ్లము బోధించిన ఏ.ఎస్. హార్న్‌బీ తన సహచరులతో కూర్చి 1942లో టోక్యోలో ప్రచురించిన నిఘంటువు ఈ అవసరమునుండియే పుట్టినది. క్రియ ప్రక్కన ఏ నిర్మాణము రావలెనో చెప్పుట దాని ప్రత్యేకత. తరువాత ఆక్స్‌ఫర్డ్ వారు దానిని చేపట్టిరి. మన గ్రంథాలయములో అర్థము చూచి నిఘంటువును మూసివేయువారే అధికము. ఆ క్రింద నున్న ఉదాహరణ వాక్యములు చదివినవారికి ఈ వ్యాసముతో పని లేదు.

'ఫీల్' సంగతి కొంచెము విడిగా చెప్పవలెను, ఏలన ఇక్కడ ఆంగ్లేయులే తడబడుదురు. చేసిన పనికి విచారించుచున్నానని చెప్పుటకు "ఐ ఫీల్ బ్యాడ్" అనుట జాగ్రత్తగా వ్రాయువారి పద్ధతి. కాని "ఐ ఫీల్ బ్యాడ్లీ" అనువారు విద్యావంతులలోను ఉన్నారు. బడిలో 'లీ' గూర్చి తిన్న చివాట్లు వారిచేత అట్లు పలికించుచున్నవని కొందరందురు. మనము పరీక్షలోను దరఖాస్తులోను 'బ్యాడ్' అనియే వ్రాయుట క్షేమము. 'వెల్' మరియొక గడుసు మాట. "షి సింగ్స్ వెల్" అన్నప్పుడు అది క్రియావిశేషణము. "షి లుక్స్ వెల్" అన్నప్పుడు ఆరోగ్యముగా ఉన్నదను అర్థములో విశేషణము. "షి లుక్స్ గుడ్" అన్నచో చూడ చక్కగా ఉన్నదని. జ్వరమునుండి లేచిన స్నేహితుని పలుకరించుటకు 'వెల్', పండుగ బట్టలు కట్టిన స్నేహితుని మెచ్చుకొనుటకు 'గుడ్'.

'లీ'ని చూచి మోసపోవు మాటలు కొన్ని కలవు. 'ఫ్రెండ్లీ', 'లవ్లీ', 'లోన్లీ', 'ఎల్డర్లీ' అన్నియు విశేషణములే. "హి సీమ్స్ లోన్లీ" నిర్దోషము. 'ఫాస్ట్', 'హార్డ్' అనునవి 'లీ' లేకయే క్రియావిశేషణములు. 'హార్డ్లీ' అన్నచో దాదాపు లేదను అర్థము వచ్చి కూర్చుండును. "ఐ హార్డ్లీ వర్క్డ్" అని దరఖాస్తులో వ్రాసినవానికి ఉద్యోగము రాకపోవుట సహజము. 'గో స్లో' అని రహదారిపై వ్రాసిన పలక తప్పు గదా అని అడుగు విద్యార్థులున్నారు. తప్పు కాదు. ప్రాచీనాంగ్లములో విశేషణమునకు 'ఎ' అను చిన్న అంత్యము చేర్చి క్రియావిశేషణము చేయువారు; కాలక్రమమున ఆ అంత్యము ఉచ్చారణలో అరిగిపోగా రెండు రూపములు ఒకటైపోయినవి. 'స్లో', 'ఫాస్ట్', 'హార్డ్' ఆ అరుగుదల అవశేషములు. 'లీ' అనునది మొదట శరీరము, ఆకారము అను అర్థము గల ఒక పూర్ణపదమునుండి వచ్చినది. మన 'గా' ఒక క్రియనుండి పుట్టినట్లే ఆంగ్లపు 'లీ' ఒక నామమునుండి పుట్టినది. 1762లో వ్యాకరణము వ్రాసిన బిషప్ రాబర్ట్ లౌత్ వంటివారు విశేషణ రూపమును క్రియావిశేషణముగా వాడుటను ఆక్షేపించిరి. నాటినుండి పాఠశాలలలో 'లీ' పెత్తనము పెరిగినది. రహదారి పలకపై 'స్లో' చెల్లును. పరీక్ష పత్రములో 'స్లోలీ' వ్రాయుడు.

పైన వాయిదా వేసిన సంగతి ఇప్పుడు చెప్పుదును. కర్తకు కాక కర్మకు చెందిన విశేషణములు కూడ కలవు. తెలుగులో "గదిని శుభ్రంగా ఉంచు" అందుము. ఇక్కడ శుభ్రము గదిది. కావున "కీప్ ది రూమ్ క్లీన్" అనవలెను గాని 'క్లీన్లీ' అనరాదు. ఉర్దూ విద్యార్థి "కమ్‌రా సాఫ్ రఖో" అని తలచుకొనిన చాలును. "ది న్యూస్ మేడ్ హర్ హ్యాపీ" అనవలెను. 'హ్యాపిలీ' కాదు, ఏలన సంతోషము ఆమెది, చేయుటది కాదు. 'ఫైండ్', 'కన్సిడర్', 'పెయింట్' కూడ ఈ త్రోవలోనివే: తలుపునకు పచ్చరంగు వేసినచో "పెయింటెడ్ ది డోర్ గ్రీన్". ఇచ్చట తెలుగు కిటుకు కొంత తడబడును. "గదిని శుభ్రంగా ఊడ్చింది" అను వాక్యములో 'ఊడ్చు' అనునది నిజమైన పనియే. ఐనను ఆంగ్లములో "షి స్వెప్ట్ ది రూమ్ క్లీన్" అనుటయే అందము. ఊడ్చిన తీరు కాదు, ఊడ్చిన పిమ్మట గది ఐన స్థితి అక్కడ ముఖ్యము.

రెండు రూపములును చెల్లు చోట్లు కూడ ఉన్నవి. "దే అరైవ్డ్ సేఫ్" అన్నచో చేరినవారు క్షేమముగా ఉన్నారని. "దే అరైవ్డ్ సేఫ్లీ" అన్నచో ప్రయాణము క్షేమముగా సాగెనని. "హి స్టుడ్ సైలెంట్" అన్నచో మౌనము మనిషిని ఆవరించినది. 'సైలెంట్లీ' అన్నచో నిలుచుట చప్పుడు లేక జరిగినది. వీటిలో ఏది వ్రాసినను పరీక్షకుడు తప్పు పట్టడు, కాని ఏది వ్రాయవలెనో ఎన్నుకొను స్వేచ్ఛ ఆ భేదము తెలిసినవానికే ఉండును.

మిత్రులు అభ్యాసము చేయుటకు కొన్ని వాక్యము లిచ్చుచున్నాను. తెలుగు విద్యార్థి క్రియను పట్టి, ఉర్దూ విద్యార్థి లింగమును పట్టి చూచి, సమాధానములను ఒకరితో ఒకరు సరిచూచుకొనవచ్చును. చాయ్ చేదుగా ఉన్నది. అమ్మ చాయ్‌ని అనుమానముగా రుచి చూచినది. గుమాస్తా అర్జీని నిర్లక్ష్యముగా చూచెను. గుమాస్తా నిర్లక్ష్యముగా కనబడెను. పరీక్ష ఫలితములు చూచి వాడు నిశ్శబ్దమైపోయెను. ఎండకు ఆమె ముఖము ఎఱ్ఱగా కందెను. ఈ చివరి వాక్యములో మాత్రము మీకును మీ స్నేహితునికిని వాదము పెరుగును. 'టర్న్డ్ రెడ్' అని ఇరువురును ఒప్పుకొనువరకు పెరుగనిండు.